ఊఁ కొట్టే సభ

చిన్నప్పుడు కథ మొదలుపెట్టే ముందు అమ్మమ్మ ఒక షరతు పెట్టేది: ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. ఆ ఊఁకి అర్థం కథ నచ్చిందని కాదు. వింటున్నాను, ఇక్కడిదాకా ఒప్పుకున్నాను, ఇక ముందుకు పోవచ్చు అని. ఆరుబయట మంచాల మీద, చీకట్లో, నలుగురు పిల్లలం ఊఁ కొడుతుంటే ఎవరి గొంతు పల్చబడిందో, ఎవరు నిద్రలోకి జారుకున్నారో, ఎవరికి రాకుమారుడి మాట మీద అనుమానం వచ్చిందో ఆవిడకి తెలిసిపోయేది. లెక్కపెట్టి కాదు, చెవితోనే.

2013 నవంబరులో కెనడాలోని వాంకూవర్‌లో, ఒక హోటల్ హాల్లో కూర్చున్న ఇంజినీర్లు ఇదే పని చేశారు. పిల్లలు కారు, పెద్ద పెద్ద కంపెనీల నుంచి వచ్చిన నెరిసిన తలలు. వేదిక మీది నుంచి ప్రశ్న రాగానే ఒక పక్షం వాళ్ళు పెదవులు బిగించి గొంతులో మ్‌మ్‌మ్ అన్నారు. రెండో పక్షం వంతు వచ్చినప్పుడు వాళ్ళూ అన్నారు. రెండు మోతలూ ఒకదానికొకటి తీసిపోలేదు. విషయం తేలలేదని అధ్యక్షులు ప్రకటించారు.

తేలాల్సింది చిన్న విషయం కాదు. వేరే యాప్ ఏదీ దించుకోకుండా, బ్రౌజర్లోనే వీడియో కాల్ మాట్లాడుకునే ఏర్పాటుకి అప్పుడు ప్రమాణం రాస్తున్నారు. గుంటూరులో తాతయ్య తెరిచిన బ్రౌజరూ డాలస్‌లో మనవడు తెరిచిన బ్రౌజరూ వేరే వేరే కంపెనీలవైనా బొమ్మ కనబడాలంటే, రెండింటికీ కనీసం ఒక్క వీడియో భాషైనా ఉమ్మడిగా తెలిసుండాలి. బొమ్మని కుదించి పంపి అవతలి వైపు విప్పే ఆ భాషే కోడెక్. పోటీలో రెండు మిగిలాయి. హెచ్.264 అప్పటికే ఫోన్ల చిప్పుల్లో పాతుకుపోయింది, కాకపోతే దాని మీద పేటెంట్లున్నాయి, రుసుము కట్టాలి. వీపీ8 గూగుల్‌ది. రుసుము అక్కర్లేదు, వాడుకోమంది. కాకపోతే చిప్పుల్లో దానికింకా అంత చోటు దొరకలేదు. సభకి వారం ముందు సిస్కో కంపెనీ ఒక అడుగు ముందుకేసి, హెచ్.264 ప్రోగ్రాం తానే ఉచితంగా ఇస్తాననీ, లైసెన్సు రుసుము తానే భరిస్తాననీ ప్రకటించింది. అయినా ముడి వీడలేదు.

చేతులెత్తించి, ఒక్క చెయ్యి ఎక్కువ లేచినవాళ్ళదే గెలుపని అక్కడితో ముగించెయ్యొచ్చు కదా! ఎందుకలా చెయ్యలేదో తెలియాలంటే ఆ సభ ఎవరిదో తెలియాలి.

దాని పేరు ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్. ఐఈటీఎఫ్ అంటారు. 1986 జనవరిలో అమెరికాలోని శాన్ డియాగోలో మొదటిసారి కలిసినప్పుడు వచ్చినవాళ్ళు 21 మంది. ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు వందల సంఖ్యలో కలుస్తారు. ఈమెయిలు ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఏ పద్ధతిలో చేరాలి, బ్రౌజరు వెబ్ పేజీని ఏ మాటలతో అడగాలి లాంటివన్నీ ఇక్కడి వర్కింగ్ గ్రూపుల్లో తయారైన ప్రమాణాలే. ఇంత పని చేసే సంస్థకి సభ్యత్వ పట్టిక లేదు. ఎవరైనా రావచ్చు. రాలేనివాళ్ళు ఈమెయిలు చర్చలో మాట కలిపినా చాలు. ఎవరు మాట్లాడినా తన బుద్ధితో తాను మాట్లాడుతున్నట్టే లెక్క, కంపెనీ గొంతుగా కాదు.

ఓటర్ల జాబితా లేని ఊళ్ళో ఎన్నికెలా పెడతారు? పెడితే, డబ్బున్న కంపెనీ నలభై మందికి విమానం టిక్కెట్లు కొని హాలు నింపేస్తుంది. ఇది ఒక కారణం. నా దృష్టిలో అసలు కారణం ఇది కాదు.

మా అపార్టుమెంటు సంగతి చెబుతాను. రెండేళ్ళ కిందట పార్కింగులో కొత్త గీతలు వెయ్యాలా వద్దా అని మీటింగు పెట్టుకున్నాం. 18 మంది వెయ్యాలన్నారు, 14 మంది వద్దన్నారు. స్తంభం పక్కన బండి తిప్పడానికి చోటు చాలదని వాళ్ళ వాదన. 18 పెద్దది కాబట్టి గీతలు పడ్డాయి. ఇప్పుడు కిందికి దిగి చూస్తే పసుపు గీతలున్నాయి, వాటికి అడ్డంగా పద్నాలుగు కార్లున్నాయి. గెలిచినవాళ్ళం కూడా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టుకుంటున్నాం. ఓటింగు సక్రమంగానే జరిగింది, మినిట్సు కూడా రాసుకున్నాం.

సాంకేతిక ప్రమాణాలు చాలావరకు ఇలాంటి గీతలే. వాటికి పోలీసు లేడు. ఫలానా కోడెక్ పెట్టలేదని ఏ కంపెనీనీ జైల్లో వెయ్యరు. అందరూ పాటిస్తేనే అది ప్రమాణం, పాటించకపోతే కాగితం. ఓడినవాళ్ళు ఇళ్ళకెళ్ళి తమ పద్ధతి తాము అమ్ముకుంటే గెలిచినవాళ్ళ గెలుపుకి విలువుండదు. అందుకని ఇక్కడ ఎంతమంది అవునన్నారన్నదాని కంటే కాదన్నవాళ్ళు ఎందుకు కాదన్నారన్నది ముఖ్యమవుతుంది.

ఈ బుద్ధి ఐఈటీఎఫ్‌కి పుట్టుకతో వచ్చింది కాదు, ఒక తగాదాలో వచ్చింది. 1992లో ఇంటర్నెట్ చిరునామాలు అయిపోవస్తున్నాయన్న భయం పట్టుకుంది. అప్పటి చిరునామా పద్ధతిలో దాదాపు 429 కోట్ల అంకెలే ఉన్నాయి. వాటిని పంచిన తీరు వల్ల మధ్యస్థాయి సంస్థలకిచ్చే వాటా మరీ త్వరగా తరిగిపోతోంది. ఆ జూన్‌లో జపాన్‌లోని కోబేలో పైనున్న పెద్దల బోర్డు, ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు, సమావేశమై పరిష్కారం తేల్చింది. దేశాల ప్రతినిధులు కూర్చుని రాసిన అంతర్జాతీయ ప్రమాణాల్లోంచి ఒక పద్ధతి తెచ్చి, దాని పునాది మీద కొత్త చిరునామాలు కట్టాలని. కింద పనిచేసే ఇంజినీర్లకి ఈ కబురు చేరింది. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అన్న చర్చ కంటే ముందు, మమ్మల్ని అడక్కుండా తేల్చడానికి మీరెవరన్న మంట లేచింది.

జులైలో బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జిలో, ఎంఐటీ విశ్వవిద్యాలయం ఆతిథ్యంలో ఐఈటీఎఫ్ సభ. ఆ సభలో రెండు దృశ్యాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంటర్నెట్ సొసైటీ మొదటి అధ్యక్షుడు వింట్ సెర్ఫ్ ఎప్పుడూ మూడు ముక్కల సూటులో ఉండే మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూ కోటు విప్పాడు, టై విప్పాడు, చొక్కా గుండీలు విప్పాడు. లోపల టీషర్టు మీద "ఐపీ ఆన్ ఎవ్రీథింగ్" అని ఉంది, అన్నిటి మీదా ఇంటర్నెట్ ప్రోటోకాలే అని. కోపంతో వచ్చిన జనం నవ్వారు. ఇంకో రోజు ఎంఐటీ పరిశోధకుడు డేవిడ్ క్లార్క్ తన ప్రసంగంలో ఒక స్లైడు వేశాడు. రాజుల్నీ అధ్యక్షుల్నీ ఓటింగునీ కూడా తోసిపుచ్చుతున్నామనీ, తాము నమ్మేది ఇంచుమించు ఏకాభిప్రాయాన్నీ నడిచే ప్రోగ్రామునీ అనీ దాని సారాంశం. రాజుని వద్దనడం ఎవరైనా చేస్తారు. ఓటునీ అదే వరసలో పెట్టి వద్దనడం ఆ రోజు కొత్త.

ఆ గొడవలోంచి పెత్తనం చేతులు మారింది. ప్రమాణాలకి తుది ఆమోదమిచ్చే అధికారం పెద్దల బోర్డు నుంచి, పనికి దగ్గరగా ఉండే ఏరియా డైరెక్టర్ల బృందానికి వచ్చింది. ఆ డైరెక్టర్లని ఎవరు ఎంచాలి? పదిమందితో ఒక కమిటీ. ఆ పదిమందిని ఎవరు ఎంచాలి? ఎవరూ ఎంచరు, చీటీ తీస్తారు. ముందుకొచ్చినవాళ్ళ పేర్ల జాబితా అందరికీ కనబడేలా పెట్టి, రాబోయే ఫలానా తేదీ లాటరీ అంకెల్లాంటి, ఎవరి చేతిలోనూ లేని అంకెలతో సూత్రం ప్రకారం పదిమందిని తేలుస్తారు. లెక్క ఎవరైనా ఇంట్లో కూర్చుని సరిచూసుకోవచ్చు. చోళుల కాలం నాటి ఉత్తరమేరూరు శాసనం బడిలో చదువుకున్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. తాటాకు ముక్కల మీద పేర్లు రాసి కుండలో వేసి, చిన్న పిల్లవాడి చేత తీయించినట్టు ఆ శాసనం చెబుతుంది.

ఐఈటీఎఫ్‌లో చిరునామాల సంగతి కూడా తేలింది. కోబే నిర్ణయం పక్కకి పోయింది, రెండు మూడేళ్ళ చర్చ తర్వాత ఐపీవీ6 అనే కొత్త చిరునామా పద్ధతి వచ్చింది. అది వేరే అధ్యాయం.

ఇంచుమించు ఏకాభిప్రాయం అంటే ఎంత? 1998లో రాసుకున్న వర్కింగ్ గ్రూపుల నియమావళి సరిగ్గా అంకె చెప్పదు. 51 శాతం చాలదంటుంది, 99 శాతమైతే ఇంచుమించు కంటే ఎక్కువేనంటుంది. మధ్యలో ఉన్నదంతా గ్రూపు అధ్యక్షుడి వివేకం. అంటే తూకం అతని చెవిలో ఉంది. చిన్న అధికారమేమీ కాదిది. దాన్ని ఎలా వాడాలో వివరిస్తూ 2014లో ఇంకో పత్రం వచ్చింది. ఇక్కడి పత్రాలన్నిటికీ ఆర్‌ఎఫ్‌సీ అని పేరు, అంటే వ్యాఖ్యలు కోరడమైనది అని. ప్రమాణంగా స్థిరపడ్డాక కూడా ఆ పేరు మార్చరు. ఆ పత్రంలో ఒక ఉపశీర్షిక చూసి మొదటిసారి నేను తప్పు చదివాననుకున్నాను. ఐదుగురు అవునని, వందమంది కాదన్నా అది ఏకాభిప్రాయం కావచ్చట.

ఎలాగంటే, ఒక ముసాయిదా మీద వందమంది వచ్చి ఒకే అభ్యంతరం చెప్పారనుకుందాం: నెట్‌వర్కు తెగి మళ్ళీ కలిస్తే ఇందులో ఒకే సందేశం రెండుసార్లు వెళ్ళిపోతుంది అని. గ్రూపు దాన్ని పరిశీలించింది. సందేశానికి వరస అంకె ఉంది కాబట్టి రెండోది అవతల చెత్తబుట్టలో పడుతుందని తేలింది. అభ్యంతరానికి జవాబు దొరికింది. ఆ తర్వాత ఇంకో యాభైమంది వచ్చి అదే మాట చెప్పినా, తలకాయలు పెరిగాయి కానీ కారణం పెరగలేదు. దీన్ని తిప్పి చూడండి. వందమంది బాగుందన్నారు, ఒక్కడు లేచి, వరస అంకె తిరిగి సున్నా దగ్గరికి వచ్చినప్పుడు ఏమవుతుందని అడిగాడు. జవాబు లేదు. అక్కడ ఏకాభిప్రాయం లేదు, వందకి ఒకటైనా సరే. ఆ ఒక్కడు కూర్చోవాల్సింది ఓడిపోయినందుకు కాదు, జవాబు విన్నాక. జవాబు అతనికి నచ్చకపోవచ్చు. నచ్చాలన్న షరతు లేదు, మిగతావాళ్ళు దాన్ని బుద్ధి పెట్టి చూశారా లేదా అన్నదే షరతు.

అందుకే అనుభవమున్న అధ్యక్షులు, ఇది ఎవరికిష్టం అని అడగరు. ఇది అస్సలు కుదరదు అనేవాళ్ళెవరు అని అడుగుతారు. ఇష్టం గురించి అడిగితే పెళ్ళిలో వంకాయ కూరా గుత్తివంకాయా అన్నట్టు ఎవరి నాలుక వాళ్ళది. కుదరదని చెప్పాలంటే కారణం చెప్పాలి. గొంతులో గొణిగించడంలోని కిటుకు కూడా ఇదే. చేతులెత్తిస్తే 43, 38 అని అంకెలొస్తాయి. అంకె వచ్చాక దానితో వాదించలేం. గొణుగుడులో అంకె ఉండదు. ఇటువైపు బాగా ఉంది, అటువైపు కొద్దిగా ఉంది కానీ గట్టిగా ఉంది, ఇంతే తెలుస్తుంది. ఎవరు గొణిగారో పక్కవాడికి తప్ప తెలియదు కాబట్టి యజమాని చూస్తున్నాడన్న బెరుకూ కొంత తగ్గుతుంది. మోత విన్న అధ్యక్షుడు అక్కడితో తీర్పు చెప్పడు, ఆ కొద్దిమందిలో ఒకర్ని మైకు దగ్గరికి రమ్మంటాడు. హాల్లో తేలింది కూడా ఈమెయిలు చర్చలో మళ్ళీ ఖాయమవ్వాలి, రాలేనివాళ్ళున్నారు కాబట్టి.

అధ్యక్షుడు తప్పు విన్నాడనుకుంటే అప్పీలుకి దారుంది. ముందు అతని దగ్గరికే, తర్వాత ఏరియా డైరెక్టరు, ఆ పైన డైరెక్టర్ల బృందం, ఆ పైన 1992లో అధికారం పోగొట్టుకున్న అదే పెద్దల బోర్డు. గ్రూపు దాటిన ముసాయిదా డైరెక్టర్ల బృందం ముందుకొచ్చినప్పుడు మాత్రం ఓటు లాంటిది ఒకటుంది. ఆ బ్యాలెట్‌లో గళ్ళు ఇవి: అవును, అభ్యంతరం లేదు, చర్చించాలి, తటస్థం, నాకు సంబంధముంది కాబట్టి తప్పుకుంటున్నాను. కాదు అన్న గడి లేదు. చర్చించాలి అని ఒక్కరు పెట్టినా ముసాయిదా ఆగుతుంది. కానీ ఏం చర్చించాలో, ఏం మారిస్తే గడి తీసేస్తారో రాయాలి.

ఈ పద్ధతిని పొగడ్డమే నా పని కాదు. దీంట్లో ఓపిక ఉన్నవాడిది పైచేయి. పదిసార్లు అదే వాదన రాయడానికి జీతమిచ్చే కంపెనీ వెనకున్నవాడు మిగులుతాడు. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటూ రాత్రిళ్ళు చదివేవాడు మూడో నెలలో మానేస్తాడు. మిగిలినవాళ్ళ మౌనాన్ని ఒప్పుదల అనుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంది. ఊఁ ఆగిపోయిందంటే పిల్లవాడు ఒప్పుకున్నాడని కాదు, నిద్రపోయాడని అమ్మమ్మకి తెలుసు. అధ్యక్షులందరికీ తెలుసని చెప్పలేను.

కోడెక్ దగ్గరికి వద్దాం. వాంకూవర్ తర్వాత, ఇక ఓటింగే పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన బయటికొచ్చింది. కోడెక్ గొడవ కంటే ఈ ఆలోచన మీద గొడవ పెద్దదైంది. ఓటు ఎవరికుంటుంది, ఎప్పటి నుంచో పాల్గొంటున్నవాళ్ళకా, ఇవాళ పేరిచ్చినవాళ్ళకా? చివరికి ఉన్న దారులన్నీ జాబితా వేసి అభిప్రాయాలు సేకరించారు. 1988 నాటి ముసలి కోడెక్ హెచ్.261ని అందరికీ తప్పనిసరి చేద్దామన్నది కూడా ఆ జాబితాలో చేరింది. బొమ్మ బాగుండదు కానీ పేటెంట్ల బాధ ఉండదని. ఏ దారికీ ఊపు రాలేదు. ఏడాది గడిచింది. 2014 నవంబరులో హవాయి దీవుల్లోని హొనొలులులో మళ్ళీ ప్రశ్న పెట్టారు. ఈసారి ప్రశ్న మారింది: బ్రౌజర్లు రెండు కోడెక్‌లూ పెట్టాలి, బయటి పరికరాల్లో కొన్నిటికి కొంత వెసులుబాటు. ఎవరికీ ఇష్టమైన జవాబు కాదిది. బ్రౌజరు తయారుచేసేవాళ్ళందరికీ పని రెండింతలు. కానీ కుదరదు అనేవాళ్ళు మాత్రం బాగా తగ్గిపోయారు. మోత ఒకవైపు తూగింది. 2016లో అది ఆర్‌ఎఫ్‌సీ 7742గా అచ్చయింది. ఓటు పెట్టి ఉంటే 2013లోనే ఒకటి గెలిచేది, రెండోదాన్ని అమ్మేవాళ్ళు అమ్ముతూనే ఉండేవాళ్ళు.

అదే హవాయిలో ఎనిమిదేళ్ళ ముందు వేరే సంస్థకి చెందిన ఇంకో గ్రూపు చచ్చిపోయింది. వైఫై ప్రమాణాలు రాసే ఐఈఈఈ సంస్థలో లెక్కలు పక్కాగా ఉంటాయి. ఓటు హక్కు సభలకి హాజరై సంపాదించుకోవాలి, రాకపోతే, పంపిన బ్యాలెట్లకి జవాబివ్వకపోతే పోతుంది. సాంకేతిక నిర్ణయానికి 75 శాతం కావాలి. గదిలో కొన్ని మీటర్ల దూరానికి చాలా వేగంగా సమాచారం పంపే అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియోకి ప్రమాణం రాయాలని 802.15.3ఎ అనే గ్రూపు కూర్చుంది. 2003కల్లా ప్రతిపాదనలు రెండుకి దిగాయి. ఒకదాని వెనక ఇంటెల్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వగైరా, ఇంకోదాని వెనక మోటరోలా, దాంట్లోంచి విడివడ్డ ఫ్రీస్కేల్. సభ తర్వాత సభ, ఓటు తర్వాత ఓటు. ఎవరికీ 75 రాలేదు. రెండో పక్షం నాలుగో వంతు దాటి ఉన్నంతకాలం మొదటి పక్షం గెలవదు, ఇది రెండువైపులా నిజం. మనుషుల్ని పోగేసి గోడ కట్టుకుంటే చాలు, వాదించక్కర్లేదు. 2006 జనవరిలో గ్రూపు తనని తాను రద్దు చేసుకోవడానికి ఓటేసింది. అందరూ ఒప్పుకున్న విషయం అదొక్కటే.

అదే ఏడాది జూన్‌లో 802.20 అనే ఇంకో గ్రూపు పనిని ఐఈఈఈ పైబోర్డు కొన్ని నెలలపాటు నిలిపేసింది. కొందరి పెత్తనం సాగుతోందనీ, పనిలో పారదర్శకత లేదనీ ఫిర్యాదులు. మరుసటేడు ఆ గ్రూపులో మనిషికో ఓటు తీసేసి, సంస్థకో ఓటు పెట్టారు. ఎవరికి వారే మాట్లాడతారన్న మర్యాద ఎంతవరకు నిలుస్తుందో దీంతో తేలిపోయింది.

మనిషికి కాక, సంస్థకి కాక, దేశానికి ఓటిస్తే? అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓలో పద్ధతి అదే. మన వైపు నుంచి భారతీయ ప్రమాణాల సంస్థ ఓటేస్తుంది. ఇక్కడ కూడా ఏకాభిప్రాయానికి నిర్వచనం ఉంది, అది ఐఈటీఎఫ్‌కి దూరమైందేమీ కాదు: ముఖ్యమైన విషయాల మీద పట్టువిడవని వ్యతిరేకత మిగలకపోవడం. అందరూ ఒప్పుకోవాలని కాదు. కానీ రాతలో ఉన్నది వేరు, గడువు తరుముకొచ్చినప్పుడు జరిగేది వేరు. మైక్రోసాఫ్ట్ ఆఫీసు ఫైళ్ళ రూపం ఆఫీస్ ఓపెన్ ఎక్స్ఎంఎల్ 2007లో ఐఎస్ఓ ముందుకి, తొందరగా తేల్చే దారిలో వచ్చింది. దాదాపు ఆరువేల పేజీల పత్రం. చురుగ్గా పాల్గొనే దేశాల ఓట్లలో మూడింట రెండు వంతులు అవుననాలి, మొత్తం ఓట్లలో కాదన్నవి నాలుగో వంతు మించకూడదు.

అభ్యంతరాల్లో ఒకటి మీరిప్పుడే చూడొచ్చు. ఎక్సెల్ తెరిచి ఒక గడిలో 60 అని కొట్టి, దాన్ని తేదీగా చూపించమనండి. 1900 ఫిబ్రవరి 29 అని వస్తుంది. అలాంటి రోజు ఎన్నడూ లేదు. 1900ని 100తో భాగిస్తే శేషం రాదు, 400తో భాగిస్తే వస్తుంది, కాబట్టి అది లీపు సంవత్సరం కాదు. 1980ల్లో లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాములో దొర్లిన పొరపాటిది. దాని ఫైళ్ళు తెరుచుకోవాలని ఎక్సెల్ దాన్ని అలాగే తెచ్చుకుంది. కోట్ల ఫైళ్ళు అలాగే ఉన్నాయి, కాబట్టి ప్రమాణంలోనూ అలాగే రాశారు. లేని రోజుని అంతర్జాతీయ ప్రమాణంలో ఎక్కిస్తారా అని కాదన్నవాళ్ళు, ఉన్న ఫైళ్ళని ఏం చేద్దామని అవునన్నవాళ్ళు. రెండువైపులా కారణముంది. ఇలాంటిదానికే గది, సమయం, ఓపిక కావాలి.

దొరికింది ఓటు. గడువు దగ్గరపడేకొద్దీ, అంతకుముందు ఈ కమిటీల వైపు చూడని దేశాలు కొన్ని చురుకైన సభ్యత్వం తీసుకున్నాయి. స్వీడన్‌లో ఒకే సంస్థ తరఫున ఒకటికి మించి ఓట్లు పడ్డాయని తేలి, అక్కడి ప్రమాణాల సంస్థ తన నిర్ణయాన్నే చెల్లదంది. సెప్టెంబరు లెక్క: చురుకైన 32 దేశాల్లో 17 అవునన్నాయి, మొత్తం 69లో 18 కాదన్నాయి. నెగ్గలేదు. దేశాలు పంపిన మూడున్నర వేల వ్యాఖ్యలని కుదించగా 1,027 అంశాలయ్యాయి. వాటి కోసం 2008 ఫిబ్రవరిలో జెనీవాలో ఐదు రోజుల సభ. రోజుకి ఏడు గంటలు కూర్చున్నా ఒక్కో అంశానికి రెండు నిమిషాలు. కొన్నిటిని నోటితో చర్చించి, మిగతా బోలెడన్నిటిని కాగితం బ్యాలెట్ మీద కట్టకట్టి తేల్చారు. తర్వాత దేశాలు తమ ఓటు మార్చుకునే వీలిస్తే 32లో 24 అవునయ్యాయి, 71లో కాదన్నవి 10కి తగ్గాయి. నెగ్గింది. భారత్ రెండుసార్లూ కాదనే అంది. బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనెజులాలతో కలిసి అప్పీలు కూడా చేసింది. ఆగస్టులో అప్పీళ్ళు కొట్టేశారు, నవంబరులో ప్రమాణం అచ్చయింది. లెక్క ప్రకారం తప్పు పట్టడానికేమీ లేదు. 60 కొడితే ఇప్పటికీ అదే తేదీ వస్తుంది.

తెలుగువాళ్ళం మనం రోజూ వాడే ప్రమాణం ఒకటి, సంస్థకి ఓటు, దేశానికి ఓటు అన్న ఈ రెండు లోకాలకీ మధ్యలో ఉంది. యూనికోడ్‌లో ఏ అక్షరం చేరాలన్నా రెండు తలుపులు దాటాలి. ఒకటి యూనికోడ్ కన్సార్టియం సాంకేతిక కమిటీ. ఓటు సభ్యత్వ రుసుముని బట్టి, పూర్తి ఓటున్నవాళ్ళూ సగం ఓటున్నవాళ్ళూ ఉంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఒకప్పుడు ఆ సంస్థలో సభ్యత్వం తీసుకుంది. రెండోది దేశాలు ఓటేసే ఐఎస్ఓ వైపు. చాప అన్నప్పటి చ, చిలుక అన్నప్పటి చ ఒకటి కావు కదా. ఆ తేడా చూపడానికి బ్రౌన్ దొర తన నిఘంటువులో వాడిన ౘ, జడలోని ౙ 2008లో వచ్చిన 5.1 కూర్పులో గానీ మన కంప్యూటర్లకెక్కలేదు. పాత పుస్తకాల్లో కొడవలిలా కనబడే నకారపొల్లు 2021 దాకా ఆగింది. ఇంత నిదానమెందుకు అని విసుక్కునేవాణ్ణి. ఒకసారి చేరిన అక్షరాన్ని తీసెయ్యకూడదు, చోటు మార్చకూడదు, పేరు దిద్దకూడదు అన్న నియమం తెలిశాక విసుగు తగ్గింది. 1996లో కొరియా భాష అక్షరాలు ఆరువేలకి పైగా పాత చోటు నుంచి లేపి కొత్త చోటుకి మార్చారు. పాత ఫైళ్ళు పాడయ్యాయి, అప్పటి పాఠమే ఆ నియమం. చైనా, జపాన్ రాతల్లో నిలువుగా వాడే ఒక బ్రాకెట్టు గుర్తుకి అధికారిక పేరులో అక్షరాలు తారుమారై బ్రాక్సెట్ అన్నట్టుగా పడింది. అన్ని కమిటీలూ దాటాక చూసుకున్నారు. అదలాగే ఉంది, ఉంటుంది.

2020 మార్చిలో ఐఈటీఎఫ్ మళ్ళీ వాంకూవర్‌లోనే కలవాల్సింది. కరోనా వల్ల అందరూ ఇళ్ళ నుంచే తెరల మీద కలిశారు. తెర మీద గొణిగితే ఎవరికి వినబడుతుంది? ఆ వేసవిలో ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. ఒక మీట నొక్కితే మెల్లగా గొణిగినట్టు, ఇంకోటి నొక్కితే గట్టిగా గొణిగినట్టు. ఫలితం అంకెల్లో కాకుండా పాశ్చాత్య సంగీతంలో రాగం మెల్లగా, గట్టిగా పలకాలని చెప్పే మాటల్లో వచ్చేది. ముచ్చటైన ఊహే కానీ ఆ మాటలకి అర్థమేమిటో ఎవరికీ సరిగ్గా అందలేదు. కొన్ని నెలల్లోనే దాన్ని తీసేసి, చేతులెత్తే మీట పెట్టారు.

అప్పటి నుంచి తెర మూలన అంకెలు కనబడుతున్నాయి. అవి చూడగానే మనకే ఎక్కువొచ్చాయి కదా అని అనబోయేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇది ఓటు కాదని అధ్యక్షురాలు గుర్తుచేస్తుంది. తర్వాత, ఒప్పుకోనివాళ్ళలో ఎవరినైనా మైకు ఆన్ చేసుకోమంటుంది.